ఇంట్లో లేత్ మిషన్: అపోహలు - వాస్తవాలు

ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసి, హైదరాబాద్ బాలానగర్ జాబ్ షాపుల్లో పదిహేడేళ్లు లేత్ ముందు, అంటే ఇనుప రాడ్‌ను తిప్పుతూ టూల్‌తో చెక్కే మిషన్ ముందు, నిలబడ్డాను. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగున్నర అడుగుల మిషన్ ఒకటి పెట్టుకుని బుష్‌లు, పిన్నులు, మోటార్ షాఫ్టులు చేసుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, రిటైరైన ఇంజినీర్లు ఫోన్ చేసి "అన్నా, ఇంట్లోకి లేత్ కొందామనుకుంటున్నా" అంటుంటారు. కాసేపు మాట్లాడితే చాలు, అందరి దగ్గరా అవే నమ్మకాలు బయటపడతాయి.

అపోహ: సెకండ్ హ్యాండ్ లేత్ అంటే తుక్కే. కొత్త చిన్న మిషనే మేలు.

తుక్కు పాతవాటిలోనూ ఉంది, కొత్తవాటిలోనూ ఉంది. హెచ్‌ఎంటీ, హరిహర్ కిర్లోస్కర్ లాంటి పాత మిషన్లు సరిగ్గా వాడినవి దొరికితే ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తాయి. కాకపోతే హెచ్‌ఎంటీ వాళ్ల ఎన్‌హెచ్ 22 మోడల్ లాంటిది టన్నుపైనే బరువు, ఇంటి షెడ్డుకు అది ఏనుగును కట్టేసుకున్నట్టే. రాజ్‌కోట్, లుధియానా, బటాలా నుంచి వచ్చే చిన్న లేత్‌లు ఇంటికి సరిపోతాయి, కానీ వాటిలో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. అందుకే పేరు చూసి కాదు, మిషన్‌ను చూసి కొనాలి.

కొత్తగా రంగు కొట్టి తళతళలాడుతుంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. రంగు వదిలేసి, రాడ్‌ను పట్టి తిప్పే చక్ దగ్గర, మిషన్ పొడవునా ఉండే బెడ్ అంచు మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. మెట్టులా తగిలితే అక్కడ అరిగినట్టు. తర్వాత బెడ్ మీద టూల్‌ను మోసుకెళ్లే క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి, దాని వదులు తీసే గిబ్ స్క్రూలు ఆట లేకుండా బిగించి, అటు చివరనున్న టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకుంటూ పోండి. సగం దూరం పోయాక బిగుసుకుపోయిందంటే బెడ్ ఒకే చోట అరిగిందని అర్థం. ఎందుకంటే పని ఎక్కువగా జరిగేది చక్ పక్కనే. చక్‌ను తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్ చూడాలంటే చక్‌లో గట్టి రాడ్ పట్టించి, చక్‌కు దగ్గర్లో డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే పరికరం) ఆనించి, రాడ్‌ను చేత్తో పైకి ఎత్తండి. ముల్లు ఒకటి రెండు గీతలు కదిలితే ఫర్వాలేదు. ఐదారు గీతలు కదిలితే బేరింగ్ బిగించాలో మార్చాలో తేల్చుకున్నాకే బేరం ఆడండి.

నేను దెబ్బతిన్నది వీటిలో ఎక్కడా కాదు, గేర్ల దగ్గర. నా మిషన్ కొన్నప్పుడు బెడ్ చూశాను, స్పిండిల్ చూశాను, ట్రాలీ ఆటో మాట్లాడి ఇంటికి తెచ్చేశాను. నెల తర్వాత 1.5 మిల్లీమీటర్ల పిచ్ త్రెడ్, అంటే ఒక మర నుంచి ఇంకో మరకు అంత దూరం ఉండేది, వేద్దామని కూర్చుంటే 127 పళ్ల గేరు లేదు. నా మిషన్ లీడ్ స్క్రూ, అంటే త్రెడ్ వేసేటప్పుడు క్యారేజ్‌ను నడిపే పొడవాటి స్క్రూ, అంగుళానికి నాలుగు త్రెడ్లది. అంగుళాల స్క్రూతో మిల్లీమీటర్ త్రెడ్ కచ్చితంగా రావాలంటే 127 పళ్లు కావాల్సిందే, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కదా, దాన్ని ఐదుతో గుణిస్తే 127. అమ్మినాయన "ఆ గేరు ఎవరూ వాడరు సార్" అన్నాడు. చివరికి విడిగా కోయించుకున్నాను. గేర్లన్నీ నేల మీద పరిచి, పళ్లు లెక్కపెట్టి, మిషన్ మీదున్న చార్టుతో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.

అపోహ: ఇంట్లో త్రీ ఫేజ్ కనెక్షన్ లేకపోతే మంచి లేత్ నడవదు.

నడుస్తుంది. సింగిల్ ఫేజ్ ఇస్తే త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే కరెంటు పెట్టె) పెట్టుకుంటే ఒకటి రెండు హెచ్‌పీ మోటార్ హాయిగా తిరుగుతుంది. మెలిక ఒకటుంది. అలాంటి వీఎఫ్‌డీ నుంచి వచ్చేది సుమారు 230 వోల్టులే. మన దగ్గర చిన్న మోటార్లు సాధారణంగా 415 వోల్టులకు స్టార్‌లో, అంటే మూడు వైండింగ్‌ల కొసలు ఒకచోట కలిపి, కట్టి ఉంటాయి. వాటిని డెల్టాకు, అంటే త్రిభుజంలా కలిపే పద్ధతికి, మార్చాలి. టెర్మినల్ బాక్సులో ఆరు వైర్లుంటే పని తేలిక, మూడే ఉంటే వైండింగ్ మేస్త్రీ చేత లోపలి స్టార్ విప్పించుకోవాలి. పాత ఫార్వర్డ్-రివర్స్ స్విచ్‌ను వీఎఫ్‌డీకీ మోటార్‌కీ మధ్య ఉంచొద్దు, నడుస్తుండగా దాన్ని తిప్పితే వీఎఫ్‌డీ కాలిపోవచ్చు. స్పీడు బాగా తగ్గించి గంటలకొద్దీ నడపొద్దు. మోటార్ ఫ్యాన్ కూడా నెమ్మదించి వేడెక్కుతుంది.

అపోహ: స్పిరిట్ లెవల్‌లో బుడగ మధ్యకు వస్తే మిషన్ సెట్ అయినట్టే.

దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, టేపర్ వస్తోందని, అంటే రాడ్ ఒక చివర లావుగా ఇంకో చివర సన్నగా వస్తోందని, వచ్చే ఫోన్లలో సగం ఇక్కడివే. ఓడల్లో కూడా లేత్‌లు ఉంటాయి, ఊగుతూనే పని చేస్తాయి. అంటే కావాల్సింది భూమికి సమానంగా ఉండటం కాదు, బెడ్ మెలి తిరగకుండా ఉండటం. నాలుగు కాళ్లలో ఒకటి టైల్స్ కింది డొల్ల మీద పడి, దాని బోల్టు గట్టిగా బిగించారనుకోండి, పోత ఇనుప బెడ్ కూడా వెంట్రుకవాసి మెలి తిరుగుతుంది. జాబ్ మీద, అంటే చెక్కుతున్న ముక్క మీద, ఆ వెంట్రుకవాసే కనిపిస్తుంది.

పరీక్ష ఇది. 30 మిల్లీమీటర్ల రాడ్‌ను చక్‌లో పట్టి 150 మిల్లీమీటర్ల దాకా బయటికి ఉంచండి, టెయిల్‌స్టాక్ ఆనించొద్దు. మధ్యలో కాస్త లోతుగా తీసేసి రెండు చివర్లా లావుగా రెండు పట్టీలు, అంటే కాలర్లు, మిగల్చండి. పదునైన టూల్‌తో, పలచటి కట్‌తో, టూల్‌ను లోపలికీ బయటికీ జరిపే క్రాస్ స్లైడ్ ముట్టుకోకుండా రెండు కాలర్లనూ ఒకే పాస్‌లో తీయండి. మైక్రోమీటర్‌తో కొలవండి. బయటి కాలర్ లావుగా వచ్చిందంటే ఆ చివర టూల్ మీ వైపు జరుగుతున్నట్టు. టెయిల్‌స్టాక్ వైపున్న ముందు కాలు కింద షిమ్, అంటే పలచటి రేకు ముక్క, పెట్టి మళ్లీ తీయండి. సన్నగా వస్తే అదే వైపు వెనక కాలు కింద. షిమ్‌కు నేను వాడేది కూల్‌డ్రింక్ టిన్ను రేకే, పదో వంతు మిల్లీమీటర్ మందం ఉంటుంది. మొద్దు టూల్‌తో, లోతు కట్‌తో ఈ పరీక్ష చేస్తే రాడ్డే వెనక్కి వంగి బయటి కాలర్ లావుగా వస్తుంది, మీరు అనవసరంగా కాళ్లతో కుస్తీ పడతారు. మొదటిసారి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. మూడు వారాల తర్వాత చూస్తే మళ్లీ కొంచెం మారింది, చెక్క దిమ్మెల మీద పెట్టాను మరి. దిమ్మెలు తీసేసి ఇనుప స్టాండ్ చేయించాక కుదురుకుంది.

అపోహ: హ్యాండిల్ కాస్త ఖాళీగా తిరిగితే, అంటే బ్యాక్‌లాష్ ఉంటే, మిషన్ పోయినట్టే.

స్క్రూ, నట్ ఉన్న ప్రతి మిషన్‌లోనూ అది ఉంటుంది. టూల్‌ను ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలత మీదికి తేవాలి. ముందుకు ఎక్కువ పోయిందా, ఒక చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ రండి. అంతే.

అపోహ: కార్బైడ్ టూల్స్ ఉంటేనే ఫినిష్ వస్తుంది.

షాపులో టైమే డబ్బు కాబట్టి వేగంగా కోసే గట్టి కార్బైడ్. ఇంట్లో ఎవరు తరుముతున్నారు? 25 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్‌కు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ అయితే 350 ఆర్‌పీఎం చుట్టుపక్కల సరిపోతుంది. కార్బైడ్ తన పనితనం చూపించాలంటే అదే రాడ్‌కు 1500 దాకా కావాలి, లోతుగా కట్ ఇవ్వాలి. చిన్న మిషన్‌లో ఆ బలం ఉండదు. టూల్ సానపట్టడం నేర్చుకునేదాకా కాస్త విసుగే, వచ్చాక వదలబుద్ధి కాదు.

ఫినిష్ చెడేది చాలాసార్లు టూల్ ఎత్తు వల్ల. ఆరంగుళాల స్టీలు స్కేల్‌ను జాబ్‌కీ టూల్ మొనకీ మధ్య సున్నితంగా ఇరికించండి. నిటారుగా నిలబడితే సెంటర్ సరిపోయినట్టు. స్కేల్ తల మీ వైపు వాలితే టూల్ కిందికి ఉంది, అటు వాలితే పైకి ఉంది. పది సెకన్ల పని.

అపోహ: బెడ్‌కు గ్రీజు దట్టంగా రాస్తే అరగదు. ఆయిల్ ఏదైనా ఒకటే.

గ్రీజు రజనును పట్టుకుని వదలదు. గ్రీజు, ఇనప రజను కలిస్తే తయారయ్యేది ల్యాపింగ్ పేస్ట్, అంటే ఇనుమును అరగదీసే ముద్ద, బెడ్‌ను మీ చేతులతో మీరే నూరుతున్నట్టు. బైక్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ కూడా అంతే. స్లైడ్‌లకు 68 గ్రేడు వే ఆయిల్ (జారే చోట్ల కోసమే చేసినది) వాడండి, లీటరు తెస్తే ఇంట్లో ఏడాది వస్తుంది. చక్‌ను తిప్పే గేర్లుండే హెడ్‌స్టాక్‌లో కంపెనీ చెప్పిన హైడ్రాలిక్ ఆయిల్ పోయండి. ఇంజిన్ ఆయిల్ మురికిని అడుగున పేరుకోనివ్వకుండా తనలో తేలుస్తుంది. ఇంజిన్‌లో ఫిల్టర్ ఉంది కాబట్టి అక్కడ అది మంచిదే, ఫిల్టర్ లేని గేర్‌బాక్స్‌లో ఆ మురికి గేర్ల మధ్యే తిరుగుతుంది. రజనును గాలి గొట్టంతో ఊదొద్దు, స్లైడ్‌ల కిందికి దూరుతుంది. పెయింట్ బ్రష్ చాలు. ఎమరీ పేపర్ పట్టేటప్పుడు బెడ్ మీద పాత న్యూస్‌పేపర్ పరవండి.

అపోహ: ప్లాస్టిక్ కవర్ కప్పితే తుప్పు రాదు.

వానాకాలం తెల్లవారుజామున ఆ కవర్ ఎత్తి చూడండి, లోపల చెమట పట్టి ఉంటుంది. విశాఖలో మా తోడల్లుడి మిషన్ అలాగే ఎర్రబడింది, అసలే సముద్రపు గాలి. పాత నూలు దుప్పటికి కాస్త ఆయిల్ పట్టించి కప్పితే నయం.

ఇంకో మాట. దసరాకు ఆయుధ పూజ నేనూ చేస్తాను. తడి పసుపు మాత్రం బెడ్ మీద కాకుండా హెడ్‌స్టాక్ రంగు మీద పెడతాను. ఒక ఏడాది బెడ్ మీద పెట్టి రాత్రంతా వదిలేస్తే ఐదు వేళ్లకూ ఐదు మచ్చలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు.

అపోహ: గ్లవ్స్ వేసుకుంటే చేతులు భద్రం.

తిరిగే చక్ దగ్గర గ్లవ్స్ చేతిని కాపాడవు, లోపలికి లాగేస్తాయి. పొడుగు చేతుల చొక్కా, ఉంగరం, వాచీ, మణికట్టుకు కట్టుకున్న కాశీదారం, అన్నీ అంతే. దారం తీయడం ఇష్టం లేకపోతే ఆ రోజు మిషన్ వేయకండి. కళ్లద్దాలు తప్పనిసరి. చిప్స్ లాగడానికి చేయి కాదు, కొక్కెం వాడండి.

చక్‌ను బిగించే చక్ కీ సంగతి మరీ ముఖ్యం. చక్‌లోనే మర్చిపోయి స్విచ్ వేస్తే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం. మా షెడ్డులో దానికి మిషన్ మీద చోటు లేదు. స్విచ్ పక్కనే గోడకు మేకు కొట్టాను, కీ ఆ మేకుకు వేలాడుతుంటేనే స్విచ్ మీదికి చెయ్యి పోతుంది.