1937 కథకి 1959 గొంతు

2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా కథ 1937లో, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో జరుగుతుంది. గొలుసులు వేసిన ఖైదీలు పాడుకుంటూ రాళ్లు కొడుతుండగా మొదలవుతుంది. తెర మీద పగిలేవి రాళ్లే గానీ, పాటలో వినిపించే దెబ్బలు గొడ్డళ్లవి. అది సినిమా కోసం పాడించిన పాట కాదు. జానపద పాటలు సేకరించే అలాన్ లోమాక్స్ 1959లో మిసిసిపీ రాష్ట్ర జైల్లో, జేమ్స్ కార్టర్ అనే ఖైదీ తోటివాళ్లతో కలిసి కట్టెలు కొడుతూ పాడుతుంటే రికార్డు చేసిన ‘పో లాజరస్’.

ఆ వెంటనే వచ్చే పాట 1928 నాటి రికార్డు. వయసులో అదే పెద్దది. అయినా నా చెవికి ఖైదీల పాటే పాతగా తోస్తుంది. టేపు నాసిరకం కావడం వల్ల అనుకుంటే పొరపాటు. లోమాక్స్ 1959లో పట్టుకెళ్లింది అప్పటికి కొత్తగా వచ్చిన స్టీరియో యంత్రం. 1933లో తండ్రి జాన్‌తో కలిసి జైళ్లు తిరిగినప్పుడు మాత్రం 140 కిలోల పైచిలుకు బరువున్న డిస్క్ యంత్రాన్ని కార్లో మోసుకెళ్లాడు.

అసలు కారణం పాట నడకలో ఉంది. గొడ్డలి పైకెత్తడానికి పట్టే సమయాన్ని దాని బరువు, చేతుల పొడవు, ఒంట్లో మిగిలిన ఓపిక నిర్ణయిస్తాయి. పాట వేగం దానికి లోబడాల్సిందే. ఒకడు చరణం అందుకుంటాడు, మిగతావాళ్లు బదులిస్తారు, ఆ సందులో మొదటివాడు ఊపిరి తీసుకుంటాడు. మన పడవవాళ్ల ‘హైలెస్సా’లో ఉన్న ఏర్పాటే ఇది. పక్కపక్కన నిలబడి గొడ్డళ్లు ఊపేవాళ్లకి తాళం తప్పితే ప్రాణాపాయం. ఇంకో లాభం కూడా ఉంది: అందరి దెబ్బా ఒకేసారి పడితే, నీరసంగా ఉన్నవాణ్ణి కాపలావాడు విడిగా గుర్తుపట్టలేడు.

పైగా ఆరుబయట ప్రతిధ్వని ఇచ్చే గోడలుండవు. మైకుకి దగ్గరున్న గొంతు స్పష్టంగా, దూరపుది పల్చగా పడుతుంది. స్టూడియోలో ఎవరి గొంతు వాళ్లకి విడిగా మైకు పెట్టి, తర్వాత కలిపితే ఈ ఎడం పోతుంది.

సినిమాలో హీరోలు రేడియో స్టేషన్‌లో ఒకే మైకు చుట్టూ చేరి పాడే సీన్ ఉంది. ఆ రోజుల్లో అలాగే పాడేవారు. అడ్డంకుల్లేని చోట దూరం రెట్టింపైతే ధ్వని మట్టం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకని ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుకు జరగాలి, అయ్యాక వెనక్కి తగ్గాలి. మిక్సింగ్ పని కాళ్లే చేసేవన్నమాట.

తారీకులు చూస్తే సినిమా బాగానే తప్పటడుగులు వేసింది. అందులో వినిపించే బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు, మాండొలిన్‌లతో సాగే అమెరికా పల్లె సంగీతం) శైలి 1940ల మధ్యలో బిల్ మన్రో బృందంతో రూపు కట్టింది; 1937లో లేదు. నాకైతే ఇది పెద్ద నేరంగా అనిపించదు. సంగీతం చూసుకున్న టీ బోన్ బర్నెట్ క్యాలెండర్ కన్నా గొంతుల్ని నమ్మాడు. ‘ఓ డెత్’ పాటకి డెబ్బై దాటిన బ్లూగ్రాస్ గాయకుడు రాల్ఫ్ స్టాన్లీని పిలిచాడు. వాయిద్యాలు వాడని ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చి పాటలు వింటూ పెరిగిన స్టాన్లీ, దాన్నీ వాయిద్యం లేకుండానే పాడాడు. తాళం లేదు కాబట్టి ఏ మాటని ఎంత సాగదియ్యాలో ఆయన ఊపిరే తేల్చింది.

2002లో ఈ ఆల్బమ్‌కి ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. రాయల్టీ ఇవ్వడానికి కార్టర్ కోసం వెతికితే షికాగోలో దొరికాడు. ఆ పాట పాడిన సంగతే ఆయనకి గుర్తులేదు. చేతికి 20,000 డాలర్ల చెక్కు అందింది. ఆల్బమ్ అమ్మకాల్లో మైకేల్ జాక్సన్‌ని దాటేసిందని చెబితే, అతను అందుకునేలా కాస్త నెమ్మదిస్తాలే అన్నాడట.