13కి 13 గెలిచినా ఐదో స్థానమే: ఫ్లోరిడా స్టేట్ 2023 సీజన్ వెనక కథ

అమెరికన్ ఫుట్‌బాల్‌లో యూనివర్సిటీ జట్ల జాతీయ టైటిల్ పోరు కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్. అందులో ఆడే జట్లను ఒక కమిటీ ఎంచుతుంది. 2025 డిసెంబర్ 7న ఆ జాబితా రాగానే నోటర్ డేమ్ అభిమానులు మండిపడ్డారు. వరసగా 10 మ్యాచ్‌లు గెలిచిన తమ జట్టును 11వ స్థానానికి నెట్టి, మయామీని 10లోకి తెచ్చారని వాళ్ల బాధ. ప్లేఆఫ్‌లోని 12 చోట్లలో కొన్ని కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) విజేతలకు కేటాయించినవి కాబట్టి 11వ స్థానానికి చోటు దక్కలేదు. ఆ చివరి వారాంతంలో ఈ రెండు జట్లకూ అసలు మ్యాచే లేదు. మరోపక్క ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్ ఫైనల్లో జార్జియా చేతిలో 28-7తో ఓడిన అలబామా 9వ స్థానం నుంచి కదల్లేదు. మరో కాన్ఫరెన్స్ బిగ్ 12 ఫైనల్లో ఓడిన బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ (బీవైయూ) మాత్రం ఒక మెట్టు దిగింది. నోటర్ డేమ్ ఇక ఏ బౌల్ గేమూ (సీజన్ చివర్లో జరిగే ప్రత్యేక మ్యాచ్) ఆడబోమని తేల్చేసింది.

దీన్ని ఆ ఏడాది గొడవగానే చూశారు. కానీ ఈ చిక్కుముడి పడింది 2023 డిసెంబర్ 3న, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు విషయంలో.

ఆ సీజన్ మొదట్లో ఆ జట్టు లూసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ)ను 45-24తో ఓడించడం, క్లెమ్సన్‌పై ఓవర్‌టైమ్‌లో గట్టెక్కడం ఈ ఆట చూసేవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అసలు కథ నవంబర్ 18న మొదలైంది. సొంత ఊరు టల్లహాసీలో నార్త్ అలబామాతో మ్యాచ్, తొలి క్వార్టర్. క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) జోర్డన్ ట్రావిస్ బంతితో పరుగెడుతుంటే పట్టి పడేశారు. ఎడమ కాలు విరిగింది. కాలు కదలకుండా కట్టుకట్టి కార్టులో బయటికి తీసుకెళ్లారు. జట్టు 58-13తో గెలిచినా ట్రావిస్ కాలేజ్ కెరీర్ అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాతి రెండు మ్యాచ్‌లను కాస్త నిదానంగా చూడాలి. గేన్స్‌విల్‌లో, బద్ధ ప్రత్యర్థి ఫ్లోరిడా యూనివర్సిటీ సొంత మైదానంలో, రెండో క్వార్టర్‌బ్యాక్ టేట్ రోడ్‌మేకర్‌తో 24-15 గెలుపు. ఆ మ్యాచ్‌లో అతని తలకు దెబ్బ తగిలింది. దాంతో డిసెంబర్ 2న లూయివిల్‌తో తమ కాన్ఫరెన్స్ ఏసీసీ ఫైనల్‌కు మూడోవాడు, మొదటి ఏడాది కుర్రాడు బ్రాక్ గ్లెన్ దిగాల్సి వచ్చింది. బంతి ముందుకు కదలడమే గగనమైంది. అయినా డిఫెన్స్ మ్యాచ్‌ను భుజాన వేసుకుంది. లూయివిల్‌కు ఒక్క టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించి సాధించే స్కోరు) కూడా దక్కనివ్వకుండా 16-6తో టైటిల్ పట్టుకొచ్చింది. 13కి 13.

అదే రోజు అలబామా 27-24తో జార్జియాను ఓడించి, ఆ జట్టు 29 మ్యాచ్‌ల గెలుపు వరసకు తెరదించింది. అప్పటికి ప్లేఆఫ్‌లో నాలుగే చోట్లు. నవంబర్ 28 జాబితాలో ఫ్లోరిడా స్టేట్ 4, టెక్సస్ 7, అలబామా 8. టెక్సస్‌లోని గ్రేప్‌వైన్‌లో కూర్చున్న 13 మంది సభ్యుల కమిటీ ముందు ఒక ఇబ్బంది ఉంది. సెప్టెంబర్‌లో అలబామాను దాని సొంత మైదానంలోనే టెక్సస్ 34-24తో ఓడించింది. అలబామాను తీసుకుంటే టెక్సస్‌నూ తీసుకోక తప్పదు. మిషిగన్, వాషింగ్టన్ ఓటమి లేని జట్లు. ఇక బయట మిగిలింది ఫ్లోరిడా స్టేటే. టెక్సస్ 3, అలబామా 4, ఫ్లోరిడా స్టేట్ 5 అయ్యాయి. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఒక్క ఓటమీ లేకుండా టైటిల్ గెలిచిన జట్టును పక్కనపెట్టడం నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో అదే మొదటిసారి.

కమిటీ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది: ముఖ్యమైన ఆటగాడు అందుబాటులో లేకపోవడం ఇకముందు జట్టు ఆటపై చూపగల ప్రభావాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. ట్రావిస్ లేకపోతే అది వేరే జట్టని చైర్మన్ బూ కారిగన్ చెప్పింది ఆ వాక్యాన్ని పట్టుకునే. గెలిచిన మ్యాచ్‌ల కంటే గెలవగలరా అన్న ఊహ బరువైంది ఆ రోజే. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఆ మాటకు ఫ్లోరిడా స్టేట్ దగ్గర గట్టి జవాబే ఉంది. 2014లో ఒహాయో స్టేట్ కూడా మూడో క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్‌తోనే ప్లేఆఫ్‌కు వెళ్లింది. అలబామానూ ఆరెగాన్‌నూ ఓడించి కప్పు ఎత్తింది. తన కాన్ఫరెన్స్ బిగ్ టెన్ ఫైనల్ 59-0తో గెలిచింది కాబట్టి తీసుకున్నాం అని కమిటీ అంటే, ఎంత తేడాతో గెలవాలో ముందే చెప్పి ఉండాల్సింది. నా కాలు సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే మా జట్టు ఏమిటో మీకు తెలిసేది అని ఆ సాయంత్రం ట్రావిస్ రాసుకున్నాడు. న్యూయార్క్ జెట్స్ తీసుకున్నా అతను అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆ గాయం వల్లే 2025 ఏప్రిల్‌లో రిటైరయ్యాడు.

అలబామా వైపు వాదన ఏమిటంటే, కఠినమైన కాన్ఫరెన్స్‌లో నంబర్ వన్ జట్టును ఓడించి టైటిల్ గెలిచింది. ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63-3తో చిత్తయ్యాక, కమిటీ చేసిందే రైటని చాలామంది అన్నారు. కానీ ఆ రోజు 20 మందికి పైగా ఆటగాళ్లు బరిలోనే లేరు. ప్లేఆఫ్ దక్కి ఉంటే వాళ్లలో ఎంతమంది తప్పుకునేవారు? రెండు రోజుల తర్వాత ప్లేఆఫ్ సెమీఫైనల్లో అలబామా కూడా మిషిగన్ చేతిలో 27-20తో ఇంటిదారి పట్టింది.

జాబితా వచ్చిన 19 రోజులకు ఫ్లోరిడా స్టేట్ తన కాన్ఫరెన్స్ ఏసీసీ మీదే కోర్టుకెక్కింది. టీవీ డబ్బు గొడవ అంతకుముందు నుంచే రగులుతోంది. ఒక్క మ్యాచ్ ఓడకపోయినా చోటు ఇప్పించలేని కాన్ఫరెన్స్‌లో ఎందుకుండాలన్న ప్రశ్న దానికి తోడైంది. బయటికి రావాలంటే 57.2 కోట్ల డాలర్లవుతుందని యూనివర్సిటీ లెక్క. మూడు నెలల్లో క్లెమ్సన్ కూడా దావా వేసింది. 2025 మార్చిలో రాజీ కుదిరింది. టీవీ వీక్షణ ఎక్కువున్న జట్లకు ఎక్కువ వాటా, ఏటా తగ్గే నిష్క్రమణ ఫీజు అందులోని ముఖ్యాంశాలు.

2024లో ప్లేఆఫ్ 12 జట్లకు పెరిగింది. పోరు నాలుగో చోటు నుంచి ఆఖరి చోటుకు మారింది తప్ప, అంచనాకు ఎంత విలువ, ఫలితానికి ఎంత విలువ అన్నది కమిటీ ఇప్పటికీ తేల్చలేదు. 2025లో 9వ స్థానం నిలబెట్టుకున్న అలబామా ఆ ఏడాది ఆగస్టులో టల్లహాసీలో 31-17తో ఓడింది. ఓడించింది, ఆ తర్వాత 5 గెలుపులు, 7 ఓటములతో సీజన్ ముగించిన ఫ్లోరిడా స్టేటే.

నోటర్ డేమ్ కోపం కూడా కమిటీ దగ్గర ఆగలేదు. ఫుట్‌బాల్‌లో స్వతంత్రంగా ఉన్నా, మిగతా ఆటల్లో దాదాపు అన్నిటా అది ఏసీసీ సభ్యురాలే. కాన్ఫరెన్స్ తన సభ్య జట్టు మయామీ పక్షాన ప్రచారం చేసి తమ సంబంధాన్ని శాశ్వతంగా దెబ్బతీసిందని అథ్లెటిక్ డైరెక్టర్ పీట్ బెవాక్వా బాహాటంగానే అన్నారు. రాజీ ప్రకారం ఏసీసీ నిష్క్రమణ ఫీజు 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకు దిగుతుంది. కాన్ఫరెన్స్ అసలు పరీక్ష అప్పుడే.