లేటెక్‌లో కిలో, మిల్లీ, మైక్రో: అపోహలు - వాస్తవాలు

థీసిస్‌లు, జర్నల్ వ్యాసాలు లేటెక్‌లో (ఆదేశాలు టైపు చేసి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) కూర్చి ఇవ్వడం నా పని. సమీకరణాల దగ్గర కళ్లు చిట్లించుకుని చూసేవాళ్లు కూడా ప్రమాణాల ముందు వచ్చే కిలో, మిల్లీ లాంటి ప్రిఫిక్స్‌ల దగ్గరికొచ్చేసరికి "ఒక్క అక్షరమే కదండీ" అనేస్తారు. ఆ ఒక్క అక్షరమే విలువను వెయ్యి రెట్లో, పది లక్షల రెట్లో మార్చేస్తుంది. నాకు తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా చదివేవాళ్లకు అర్థమవుతుంది.

బియ్యం బస్తాల మీద, రోడ్డు పక్క బోర్డుల మీద కిలోకు పెద్ద 'కె' చూసీ చూసీ మనకు అదే అలవాటైపోయింది. కిలో గుర్తు చిన్న 'కె'. పెద్ద 'కె' ఉష్ణోగ్రత ప్రమాణమైన కెల్విన్‌ది. కిలోహెర్ట్జ్‌ను పెద్ద 'కె'తో రాస్తే, నియమం ప్రకారం అది కెల్విన్-హెర్ట్జ్ అవుతుంది. 'ఎం' సంగతి ఇంకా ప్రమాదం: చిన్నదైతే మిల్లీ, పెద్దదైతే మెగా. మిల్లీవాట్‌కూ మెగావాట్‌కూ తేడా వంద కోట్ల రెట్లు. మెగా నుంచి పైవన్నీ పెద్దక్షరాలు, కిలో నుంచి కిందివన్నీ చిన్నక్షరాలు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రమాణాల గుర్తుల చివర చుక్క ఉండదు, బహువచనపు 'ఎస్' ఉండదు. తెలుగులో కి.మీ., మి.లీ. అని చుక్కలు పెడతాం కదా అంటారు. అవి పొట్టి రూపాలు కాబట్టి పెడతాం. అంతర్జాతీయ గుర్తులు పొట్టి రూపాలు కావు, గుర్తులే.

అపోహ: మైక్రో అంటే గ్రీకు అక్షరం మ్యూ. లేటెక్‌లో మ్యూ ఉండనే ఉంది.

ఉంది, కాకపోతే వాలుగా. డాలర్ గుర్తుల మధ్య బ్యాక్‌స్లాష్ మ్యూ కొడితే వచ్చేది ఘర్షణ గుణకం లాంటి రాశులకు వాడే వాలు అక్షరం. రాశుల గుర్తులు వాలుగా, ప్రమాణాల గుర్తులు నిటారుగా ఉండాలి. ప్రిఫిక్స్ ప్రమాణంలో భాగమే కనుక అదీ నిటారుగానే ఉండాలి. డాలర్ల మధ్య మిల్లీమీటర్ రాసినా ఇదే గొడవ: రెండు వాలు 'ఎం'లు పక్కపక్కన పడి, ద్రవ్యరాశిని ద్రవ్యరాశితో గుణించినట్టు కనిపిస్తుంది. పైగా డాలర్ల మధ్య నడిచే మ్యాథ్ మోడ్ ఖాళీని మింగేస్తుంది కాబట్టి ముందున్న అంకె కూడా వచ్చి అతుక్కుంటుంది.

నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. తెలుగు ఆరోగ్య పుస్తకం ఒకటి జీలేటెక్‌లో (యూనికోడ్ ఫాంటులు నేరుగా వాడుకోనిచ్చే లేటెక్ రూపం) కూరుస్తూ మైక్రో గుర్తును ఎక్కడి నుంచో కాపీ చేసి నేరుగా అతికించాను. మేం ఎంచుకున్న తెలుగు ఫాంటులో ఆ అక్షరం లేదు. అయినా కంపైల్ ఆగలేదు, పీడీఎఫ్ ముచ్చటగా వచ్చింది. ప్రూఫులో ఫోలిక్ ఆమ్లం మోతాదు 400 మైక్రోగ్రాములు ఉండాల్సిన చోట 400 గ్రాములని ఉంది! అక్షరం దొరకలేదని, కంపైల్ వివరాలు నమోదయ్యే లాగ్ ఫైల్లో ఒక వరుస మాత్రం పడి ఉంది. లాగ్ ఫైలు ఎవరు చదువుతారు? అప్పటి నుంచి ఏ పుస్తకమైనా పంపే ముందు లాగ్‌లో 'మిస్సింగ్ క్యారెక్టర్' అని వెతకందే పంపను. ఇంకో తిరకాసు కూడా ఉంది: యూనికోడ్‌లో మైక్రో గుర్తు వేరు, గ్రీకు మ్యూ వేరు. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, ఒక ఫాంటులో ఒకటే ఉండి రెండోది లేకపోవచ్చు.

అపోహ: ఖాళీదేముంది, స్పేస్ బార్ ఉందిగా.

అంకెకూ ప్రమాణానికీ మధ్య సన్నని, విడిపోని ఖాళీ కావాలి. బ్యాక్‌స్లాష్ కామా అందుకే. ప్రిఫిక్స్‌కూ ప్రమాణానికీ మధ్య అసలేమీ ఉండకూడదు. మామూలు స్పేస్ పెడితే 5 ఒక వరుస చివర, మిల్లీవోల్ట్ తరువాతి వరుసలో తేలతాయి.

అపోహ: ఎస్‌ఐయూనిటెక్స్ ప్యాకేజీ పెట్టేశాం, ఇక చూసుకోనక్కర్లేదు.

అంకెలను, ప్రమాణాలను నియమం ప్రకారం కూర్చడానికి జోసెఫ్ రైట్ రాసిన ఈ ప్యాకేజీ లేకుండా నాకు రోజు గడవదు. అయితే దానికి మనం అర్థం చెప్పాలి, అక్షరాలు ఇస్తే లాభం లేదు. బ్యాక్‌స్లాష్ క్యూటీవై రాసి, రెండో బ్రాకెట్లో బ్యాక్‌స్లాష్ మైక్రో, బ్యాక్‌స్లాష్ మీటర్ అని ఇస్తే అది మైక్రోమీటరని ప్యాకేజీకి తెలుస్తుంది. బ్యాక్‌స్లాష్ యూఎం అనే పొట్టి రూపమూ పనిచేస్తుంది. ఆ బ్యాక్‌స్లాష్ మరిచిపోయి ఉత్త యూఎం రాశారా, ఏ తప్పూ చూపించకుండా అచ్చంగా యూఎం అనే రెండు అక్షరాలే అచ్చువేస్తుంది. మొన్నొక థీసిస్‌లో ఒక అధ్యాయం నిండా ఇవే.

అర్థం ఇస్తే ఇంకో సుఖం ఉంది. ప్రిఫిక్స్‌లు వద్దు, 10కి ఘాతాలు కావాలని గైడ్ చివరి నిమిషంలో అన్నారనుకోండి, ప్రిఫిక్స్-మోడ్ ఆప్షన్ ఒక్కటి మారిస్తే 5 కిలోమీటర్లన్నది 5 × 10³ మీటర్లుగా మారిపోతుంది. అక్షరాలుగా కొట్టినవాటిని అది ముట్టుకోదు.

2021లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి పాత ఎస్‌ఐ ఆదేశం స్థానంలో క్యూటీవై వచ్చింది. పాతదీ నడుస్తుంది. ఫిజిక్స్ అనే ప్యాకేజీ వాడేవాళ్లకు మాత్రం చిక్కు: దానికీ క్యూటీవై అనే ఆదేశమే ఉంది. అది కనిపిస్తే ఎస్‌ఐయూనిటెక్స్ తన క్యూటీవైని వదులుకుని, ఆ సంగతి లాగ్‌లో రాసి ఊరుకుంటుంది. మళ్లీ లాగే!

అపోహ: ఘాతం ప్రమాణానికే, ప్రిఫిక్స్‌కు కాదు.

రెండింటికీ కలిపి. ఘన సెంటీమీటర్ అంటే ఘన మీటర్‌లో వందో వంతు కాదు, పది లక్షో వంతు. ప్రిఫిక్స్ మీద ప్రిఫిక్స్ కూడా కుదరదు. ఒకప్పుడు మైక్రోమైక్రోఫారడ్ అని రాసేవాళ్లు, ఇప్పుడది పికోఫారడ్. కిలోగ్రాము పేరులో ముందే కిలో ఉంది కాబట్టి మైక్రోకిలోగ్రాము అనం, మిల్లీగ్రాము అంటాం.

అపోహ: ప్రిఫిక్స్‌లు యోటాతో అయిపోయాయి.

2022 నవంబరులో రోనా, క్వెటా, రోంటో, క్వెక్టో చేరాయి. క్వెటా అంటే 10³⁰. మీ పాత ప్యాకేజీ వీటిని గుర్తుపట్టకపోతే డిక్లేర్ ఎస్‌ఐ ప్రిఫిక్స్ ఆదేశంతో మీరే చేర్చుకోవచ్చు.

అపోహ: ఎస్‌ఐయూనిటెక్స్‌కు మన లక్షలు, కోట్లు రావు.

మామూలుగా అంకెలను మూడేసిగా విడగొడుతుంది, నిజమే. డిజిట్-గ్రూప్-అదర్-సైజ్ ఆప్షన్‌కు 2 ఇవ్వండి, మొదటి మూడింటి తరువాత రెండేసి విడిపోతాయి. మధ్యలో ఖాళీకి బదులు కామా కావాలంటే గ్రూప్-సెపరేటర్‌లో ఇచ్చే కామాను కర్లీ బ్రాకెట్లలో పెట్టండి. లేకపోతే అక్కడితో ఆ ఆప్షన్ అయిపోయిందనుకుంటుంది.