కీమో తర్వాత జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి

"రాత్రి జ్వరమొచ్చింది మేడమ్. డోలో వేస్తే తగ్గింది. పొద్దున మళ్లీ వచ్చింది." కీమో వార్డులో డాక్టర్‌గా నేను ఈ మాట వినని వారం లేదు. చెప్పేవాళ్లను తప్పుపట్టలేను. జ్వరమొస్తే మనందరి ఇళ్లలోనూ చేసేది అదే. కానీ క్యాన్సర్‌కి కీమో మందులు ఎక్కించుకున్న మనిషికి ఆ ఒక్క రాత్రి ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: డోలోకి తగ్గిందంటే మామూలు జ్వరమే.

వాస్తవం: డోలో దించేది ఒంటి వేడిని. రక్తంలో చేరిన బ్యాక్టీరియా జోలికి అది పోదు. కీమో మందులు రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తాయి. చాలా మందులకు, కీమో అయిన 7 నుంచి 14వ రోజు మధ్య తెల్లకణాలు, అందులోనూ బ్యాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్, బాగా పడిపోతాయి. ఒక మైక్రోలీటరు రక్తంలో అవి 500 కంటే తగ్గినప్పుడు ప్రమాదం ఎక్కువ. అదే సమయంలో పేగు లోపలి పొర కూడా పుండ్లు పడి ఉంటుంది. ఇన్నాళ్లూ పేగుల్లో పడి ఉన్న ఇ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ దారిన రక్తంలోకి వస్తాయి. ఎదిరించే కణాలు ఉండవు కాబట్టి కొన్ని గంటల్లోనే బీపీ పడిపోవచ్చు.

అందుకే ఈ జ్వరాన్ని మేం గుండెపోటులాగే చూస్తాం. పేషెంటు వచ్చిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కాలి. ఏ బ్యాక్టీరియానో తేల్చే బ్లడ్ కల్చర్‌ పరీక్షకు రక్తం తీస్తాం కానీ రిపోర్టు కోసం ఆగం. అది రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంత వ్యవధి మా చేతిలో ఉండదు.

కొన్నేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న ఒకావిడకి రెండో సైకిల్ (విడత) అయిన పదో రోజు రాత్రి 101 జ్వరం వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. బండి ఇంటి ముందే ఉంది. "అర్ధరాత్రి డాక్టర్లను ఏం ఇబ్బంది పెడతాంలే" అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టాడు. మధ్యాహ్నం తీసుకొచ్చేసరికి ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి, పై బీపీ 70. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి బతికింది. ఆ తొమ్మిది రోజులూ ఆయన గుమ్మం దగ్గరే నిలబడి "ఒళ్లు నొప్పుల జ్వరం అనుకున్నానమ్మా" అని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు. మేమిచ్చిన డిశ్చార్జి కాగితం మీద జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఆయనకి ఎలా తెలుస్తుంది? అప్పటినుంచి ప్రతి ఫైలు మీదా నా చేత్తో తెలుగులో రాసిస్తున్నాను: 100.4 దాటితే ఫోన్ చేయండి, ఏ వేళైనా.

ఇంట్లో థర్మామీటర్ ఉండాలి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే చాలదు. జ్వరం ఎంతో చూసి, టైముతో సహా రాసుకుని, మాత్ర వేయకముందే ఫోన్ చేయండి. మీ ఊరు దూరమైతే యాంటీబయాటిక్ మొదటి డోసు దగ్గర్లో ఎక్కడ వేయించుకోవాలో ఆ ఫోన్‌లోనే అడగండి. క్యాజువాల్టీలో అడుగుపెట్టగానే "కీమో పేషెంటు, ఫలానా తేదీన కీమో అయింది, జ్వరం" అనండి. ఆ మాట చెప్పకపోతే అక్కడివాళ్లు మిమ్మల్ని మామూలు జ్వరాల వరసలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. కొందరిని పరీక్షించాక మాత్రలతోనే ఇంటికి పంపుతాం, నిజమే. కానీ ఎవరిని పంపవచ్చో చూసి తేల్చాల్సింది డాక్టరే.

ఇంకొకటి. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకి, పెద్ద వయసువాళ్లకి జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. వణుకు, కళ్లు తిరగడం, ఆయాసం, మాట తడబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే థర్మామీటర్ 98 చూపించినా బయల్దేరండి.

అపోహ: చీము లేదు, కఫం లేదు, ఇన్ఫెక్షన్ ఎక్కడినుంచి వస్తుంది?

వాస్తవం: చీము ప్రధానంగా న్యూట్రోఫిల్స్‌తోనే తయారవుతుంది. అవే లేనప్పుడు చీమెక్కడిది? న్యుమోనియా ఉన్నా మొదటి ఎక్స్‌రే శుభ్రంగా కనిపించవచ్చు. చాలాసార్లు జ్వరం తప్ప ఇంకే గుర్తూ ఉండదు.

అపోహ: తెల్లకణాల కౌంట్ పెరిగే ఇంజెక్షన్ వేశారు కాబట్టి ఇక భయం లేదు.

వాస్తవం: ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. జ్వరమొస్తే రావాల్సిందే.

బొప్పాయి ఆకు రసం గురించి రోజూ అడుగుతారు. అది న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుందని నమ్మి ఆసుపత్రికి రావడం ఆలస్యం చేయకండి. ఊళ్లో తుంటికి ఇంజెక్షన్ వేయించుకోవద్దు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే లోపల రక్తం కారి, గడ్డలా పేరుకుని వాచిపోవచ్చు. ఎనిమా కూడా వద్దు. పండ్లు పూర్తిగా మానేయక్కర్లేదు, బాగా కడిగి తొక్క తీసి తినొచ్చు. రోడ్డు పక్క చెరకు రసం, కోసి పెట్టిన ముక్కలు మాత్రం వద్దు.

ఇక మనిషిని గదిలో పెట్టి తలుపేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి, అసలే బెంగతో ఉంటారు. ఈ బ్యాక్టీరియా చాలావరకు వాళ్ల ఒంట్లోదే. మనవడికి జలుబూ దగ్గూ లేకపోతే, చేతులు కడిగించి, తాత పక్కన కూర్చోనివ్వండి.