నామినీ అయితే డబ్బంతా మీదేనా?

"నాన్న నామినీగా నా పేరే రాశారు సార్. ఇక చెల్లెళ్లకేం సంబంధం?" సివిల్ కోర్టు లాయర్‌గా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే.

సంబంధం ఉంది. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే ఎవరి చేతికి డబ్బిస్తే బ్యాంకు బాధ్యత తీరుతుందో ఆ మనిషి, అంతే. వీలునామా లేకపోతే ఆ డబ్బు వారసులందరిదీ. బ్యాంకు ఖాతాలపై 2010లో, షేర్లపై 2023లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. బీమా పాలసీకి భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే 2015 సవరణ తర్వాత లెక్క వేరు. ఆ ఒక్కటి పట్టుకుని ఎఫ్‌డీలకూ అదే రూలంటూ ఊరంతా చెప్పేస్తారు.

ఒకాయన అలా వచ్చిన ఎఫ్‌డీ డబ్బుతో ఇంటిమీద రెండో స్లాబ్ వేయించాడు. క్యూరింగ్ నీళ్లు ఇంకా ఆరలేదు, చెల్లెళ్ల లాయర్ నోటీసు వచ్చింది. పాస్‌బుక్ నా బల్లమీద పెట్టి, నామినీ పేరున్న చోట వేలు తీయడే! మోసగాడేం కాదు. పక్కింటి రిటైర్డ్ ఉద్యోగి చెప్పాడట. ఆ "చెప్పారండి" అంటే నాకు ఒళ్లు మంట. చివరికి చెల్లెళ్ల వాటా వాయిదాల్లో కట్టేలా రాజీ కుదిర్చాం.

వారసులకు కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ తెస్తే ఇల్లు, పొలం కూడా మారిపోతాయనేది ఇంకో భ్రమ. అది డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీలకే. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరున్నారో చెబుతుంది, వాటాలు తేల్చదు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. పెళ్లయిన కూతురికి వాటా లేదనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. ఇక నాయనమ్మ బతికుంటే, హిందూ కుటుంబాల్లో కొడుకు ఆస్తిలో ఆవిడకూ పిల్లలతో సమానంగా వాటా ఉంటుంది. ఆవిడ పేరు వదిలేసి పిటిషన్ వేయమంటారు చాలామంది.

కర్మ కూడా కాకముందే "ఆలస్యమైతే డబ్బు గవర్నమెంటుకు పోతుందట" అని ఏడుస్తూ వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పోదమ్మా. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది, ఆ తర్వాతైనా వారసులు అడిగితే బ్యాంకు ఇవ్వాల్సిందే. ఈలోగా డెత్ సర్టిఫికెట్‌లో నాన్నగారి పేరు, ఇంటిపేరు బ్యాంకు పాస్‌బుక్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కౌంటర్ దగ్గర వెనక్కి పంపేస్తారు.