పిన్ని మాత్ర, నా డాకింగ్ స్కోరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. "తులసిలో థైరాయిడ్ మందు ఉందని కంప్యూటర్ తేల్చిందటగా! నువ్వు చేసేదీ అదేగా. నా మాత్ర మానెయ్యనా?"

నేను చేసేది డాకింగ్. మొక్కల్లో ఉండే అణువులు ఫలానా ప్రొటీన్ గుంటలో ఎంత బాగా ఇముడుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి స్కోరు ఇవ్వడం. మానొద్దని చెప్పాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నా.

అపోహ: థైరాయిడ్‌కు మందు దొరికింది.

ఏ థైరాయిడ్‌కు? పిన్నిది హైపో, అంటే గ్రంథి హార్మోను చాలినంత తయారుచేయదు. మేం తరచూ గురిపెట్టేదేమో థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైముకి. అయొడిన్‌ని కలిపి హార్మోను తయారుచేసేది అదే. దాన్ని అడ్డుకునే అణువు హైపర్, అంటే హార్మోను మరీ ఎక్కువగా తయారయ్యే జబ్బు ఉన్నవాళ్లకు పనికొస్తుంది. పిన్నికి ఉన్నది కూడా ఊడుతుంది.

అపోహ: స్కోరు మందు కన్నా బాగుంది, కాబట్టి మందు కన్నా మేలు.

మా రంగంలో చదువుకున్నవాళ్లు కూడా ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. స్కోరు ఎంత మైనస్‌లో ఉంటే అంత గట్టిగా అతుక్కుంటుందని అర్థం. హైపర్‌కి వాడే కార్బిమజోల్ ఒంట్లో మెథిమజోల్‌గా మారి పనిచేస్తుంది. మెథిమజోల్ చాలా చిన్నది, అణుభారం 114. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్‌ది 302. పెద్ద అణువు ఎక్కువ చోట్ల తాకుతుంది కాబట్టి దాని స్కోరు ఊరికే మెరుగవుతుంది. మెథిమజోల్‌ది మైనస్ 4 దగ్గర ఆగితే క్వెర్సెటిన్‌ది మైనస్ 8 దాటినా ఆశ్చర్యం లేదు. పైగా ఈ ఎంజైము నడిమధ్య ఇనుమున్న హీమ్ అనే భాగం ఉంటుంది, అక్కడ జరిగే రసాయన చర్యను మామూలు డాకింగ్ చూడదు. అది చూసేది ఇమడడాన్ని మాత్రమే. ఆ స్కోరు ప్రకారం వెళ్తే దశాబ్దాలుగా పనిచేస్తున్న మందే పరీక్ష తప్పుతుంది! క్వెర్సెటిన్, పసుపులోని కర్క్యుమిన్ లాంటివి దాదాపు ఏ ప్రొటీన్ దగ్గరికి తీసుకెళ్లినా మంచి మార్కులు తెచ్చుకుంటాయి. వాటి పేర్లు జాబితాలో పైన కనిపిస్తే నాకు సంతోషం కాదు, అనుమానం వస్తుంది.

అపోహ: మొక్కది కాబట్టి హాని ఉండదు.

సజ్జల్లో ఉండే వైటెక్సిన్ ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది. సూడాన్‌లోని డార్ఫర్‌లో సజ్జలే ప్రధాన ఆహారం, అయొడిన్ తక్కువ, గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉబ్బే గాయిటర్ ఎక్కువ. మన సజ్జరొట్టెకు వచ్చిన ముప్పేం లేదు లెండి.

అపోహ: అయితే ఇదంతా దండగ.

కాదు. చెన్నైలోని గణితశాస్త్రాల సంస్థ 2018లో విడుదల చేసిన ఇంప్యాట్ డేటాబేస్‌లో 1,742 భారతీయ ఔషధ మొక్కలవి అప్పటికే 9,596 రసాయనాలుండేవి. అన్నింటినీ ల్యాబ్‌లో పరీక్షించడం ఎవరి తరం? ముందు పరీక్షించాల్సిన ఓ ఇరవైని ఏరడానికి డాకింగ్ పనికొస్తుంది. కణాలు, జంతువులు, మనుషులు అన్నీ ఆ తర్వాతే.

ఇదంతా విని పిన్ని, "సరే, మాత్ర వేసుకుంటాలే. కాఫీతో వేసుకోవచ్చుగా?" అంది. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలన్నాను. తులసి సంగతి కన్నా దానికే ఎక్కువ నొచ్చుకుంది.