ఓఆర్ఎస్ తాగించినా విరేచనాలు ఆగలేదా?

పిల్లల వైద్యుడిగా నేను రోజూ వినే ఫిర్యాదు ఇది. అందుకే అపోహల్లో దీనికే పెద్దపీట.

అపోహ: విరేచనాలు ఆగలేదంటే ఓఆర్ఎస్ పనిచేయనట్టే.

వాస్తవం: వాటిని ఆపడం ఓఆర్ఎస్ పని కాదు. ఎక్కువమంది పిల్లల్లో విరేచనాలకు కారణం వైరస్‌లు. సాధారణంగా వారంలోపు వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను మనం తిరిగి అందించాలి. జబ్బుపడ్డ పేగు కూడా గ్లూకోజు, సోడియం కలిసి వస్తే రెండింటినీ పీల్చుకుంటుంది, వాటి వెంటే నీరూ లోపలికి వెళ్తుంది. ప్యాకెట్లో ఆ పాళ్లు లెక్కగా కుదిర్చి ఉంటాయి.

అందుకే 'గ్లాసు నీళ్లలో చిటికెడు పొడి వేసి పట్టించాం' అంటే నాకు కంగారు. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే పొడి అంతా లీటరు మంచినీళ్లలోనే కలపాలి. నీళ్లు తగ్గితే ఒంట్లో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. పైన చక్కెర వేయకండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసువారికి 100 నుంచి 200.

అపోహ: తాగిందంతా కక్కేస్తుంటే ఇక ఇవ్వకూడదు.

వాస్తవం: దాహంతో ఉన్న బిడ్డ గ్లాసును రెండు చేతులా లాక్కుని గటగటా తాగేస్తుంది, మరుక్షణం మీ ఒడిలోనే కక్కేస్తుంది. పది నిమిషాలు ఆగండి. తర్వాత రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టండి. విసుగు పుట్టే పనే, కానీ చాలాసార్లు సెలైన్ అవసరం తప్పిస్తుంది.

అపోహ: పాలు, తిండి మానిపిస్తే పేగుకు విశ్రాంతి.

వాస్తవం: మానిపిస్తే బిడ్డే నీరసిస్తుంది. తల్లిపాలు అడిగినప్పుడల్లా ఇవ్వండి, అలవాటైన తిండి కొద్దికొద్దిగా పెట్టండి. కూల్‌డ్రింకులు మాత్రం వద్దు, వాటిలోని చక్కెర విరేచనాలను పెంచుతుంది.

అపోహ: పెద్దవాళ్లు వేసుకునే మాత్రలో సగం చాలు.

వాస్తవం: పేగు కదలికను ఆపే లోపెరమైడ్ చిన్నపిల్లలకు ప్రమాదం. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు.

జింక్ సంగతి వేరు. విరేచనాలు తగ్గినా, డాక్టర్ రాసిన 10 నుంచి 14 రోజుల కోర్సు పూర్తిచేయాలి.

మలంలో రక్తం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, గుంటలు పడ్డ కళ్లు, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మగత, ఏమీ తాగలేకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. బిడ్డ మింగగలిగితే దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.